నీకేమైంది?

తెలుగులో 'నీకేమైంది?' అన్న ప్రశ్న ఒక్కటే. అడిగే గొంతులు రెండు. 'నీకేమైందే? మాయరోగమా? వేళకి తిండి, కట్టుకోడానికి బట్ట, ఇంకేం తక్కువ?' అన్నప్పుడు అది ప్రశ్న కాదు, తీర్పు. అదే మాటని ఎవరైనా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, 'ఏమైందమ్మా?' అన్నారంటే జవాబు వినడానికి ఒక మనిషి సిద్ధంగా ఉందన్నమాట. మొదటి గొంతు మనిషిలో లోపం వెతుకుతుంది. రెండో గొంతు ఆ మనిషికి ఏదో జరిగిందని నమ్ముతుంది.

ఇవాళ 'ట్రామా ఇన్ఫార్మ్‌డ్ థెరపీ' అన్న పేరుతో పసిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా, ఒంటరి మనుషుల నుంచి కుటుంబాల దాకా అందరికీ చెయ్యొచ్చంటున్న చికిత్సకి సారం ఈ గొంతు మార్పే. గ్రీకులో ట్రామా అంటే గాయం. అందుకని నేను దీన్ని 'గాయం ఎరిగిన చికిత్స' అంటాను. పైకి దెబ్బ మానినా భయం ఒంట్లోనే ఉండిపోతుందని, అది నిద్రలో, కడుపునొప్పిలో, ఉలికిపాటులో, మతిమరుపులో మాట్లాడుతుందని దీనికి తెలుసు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నాకు వెంటనే వచ్చే సందేహం ఒకటుంది. ఈ గొంతుని మార్చిందెవరు? పాఠ్యపుస్తకాల్లో డాక్టర్ల పేర్లుంటాయి. నాకు మాత్రం ఆ పేర్ల వెనక నోరు విప్పిన స్త్రీలూ, వాళ్ళు చెప్పింది నమ్మిన స్త్రీలూ కనిపిస్తున్నారు.

వియన్నాలో 1859లో పుట్టిన బెర్తా పాపెన్‌హైమ్‌తో మొదలుపెడతాను. జబ్బుపడ్డ తండ్రికి రాత్రింబవళ్ళు సేవ చేస్తూ చేస్తూ 21 ఏళ్ళ వయసులో ఆమె కుప్పకూలింది. చేతులు చచ్చుబడ్డాయి. సొంత భాష మరిచిపోయి ఇంగ్లీషు మాత్రమే మాట్లాడింది. డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ రోజూ వచ్చి ఆమె చెప్పేది విన్నాడు. చెప్పుకున్న కొద్దీ తేలికపడుతున్నానని గమనించింది ఆమే. దానికి 'మాటల వైద్యం' అని పేరు పెట్టిందీ ఆమే. వేళాకోళంగా 'పొగగొట్టం శుభ్రం చెయ్యడం' అని కూడా అంది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె 'అన్నా ఓ' అనే రోగిగా మారిపోయింది. మనోవిశ్లేషణకి పునాది వేసిన మాట రోగిది, కీర్తి డాక్టర్లది.

ఆ పుస్తకం చదివితే ఆమెకి జబ్బు నయమైపోయిందనుకుంటాం. నిజానికి ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆమె శానిటోరియాలకి వెళుతూనే ఉంది. ఆమె కోలుకున్న కథ ఆ పుస్తకంలో లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. అక్కడ యూదు ఆడపిల్లల అనాథాశ్రమం నడిపింది. 1899లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన స్త్రీల హక్కుల పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించింది. 1904లో యూదు స్త్రీల సంఘం పెట్టింది. 1907లో నాయ్-ఇసెన్‌బుర్గ్‌లో పెళ్ళికాని తల్లులకీ, వాళ్ళ బిడ్డలకీ, వ్యభిచార కూపంలో పడ్డ, పడబోయిన పిల్లలకీ ఒక ఇల్లు తెరిచింది. ముందు తల దాచుకునే చోటు, తర్వాత చదువూ పనీ. 'గాయం ఎరిగిన' అన్న మాట పుట్టడానికి తొంభై ఏళ్ళకు పైగా ముందే ఒకప్పటి 'హిస్టీరియా రోగి' కట్టిన ఇల్లది. 1936లో ఆమె చనిపోయింది. 1938 నవంబరులో నాజీలు ఆ ఇంటిని తగలబెట్టారు. 'అన్నా ఓ' అంటే బెర్తానే అని లోకానికి తెలిసింది 1953లో, అది కూడా ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసినాయన బయటపెడితే. తన చికిత్స గురించి ఆమె బహిరంగంగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మౌనాన్ని జబ్బు కింద లెక్కెయ్యడం నాకిష్టం లేదు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తేల్చుకోవడం కూడా కోలుకోవడంలో భాగమే.

1896లో ఫ్రాయిడ్ వియన్నా వైద్యుల ముందు ఒక ప్రసంగం చేశాడు. తను చూసిన 18 మంది రోగుల జబ్బుకీ మూలం చిన్నతనంలో జరిగిన లైంగిక అత్యాచారమేనన్నాడు. సభ మంచుగడ్డలా ఉండిపోయింది. మరుసటి ఏడాదికల్లా ఆ సిద్ధాంతం మీద తనకి నమ్మకం పోయిందని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తర్వాత తర్వాత ఆ జ్ఞాపకాల్లో చాలావాటిని పిల్లల ఊహలుగా, కోరికలుగా చదవడం మొదలైంది. ఆయన ఎందుకు వెనక్కి తగ్గాడన్న దాని మీద పండితుల వాదం ఇంకా తెగలేదు. ఫలితం మీద మాత్రం వాదం అక్కర్లేదు. 'ఏం జరిగింది?' అని మొదలైన ప్రశ్న 'నీలో ఏముంది?' అన్న పాత గొంతులోకి మళ్ళీ జారిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వణికే సైనికుల్ని చూసి 1915లో చార్లెస్ మయర్స్ 'షెల్ షాక్' అని రాసినప్పుడు, మగవాళ్ళకీ హిస్టీరియా వస్తుందా అని లోకం నివ్వెరపోయింది. యుద్ధం అయ్యాక అదీ మరుగున పడింది.

ఈ మరపుని తన పుస్తకానికి ఇరుసుగా చేసుకున్న మనిషి జుడిత్ హెర్మన్. 1992లో వచ్చిన 'ట్రామా అండ్ రికవరీ'లో ఆమె చెప్పేదేమిటంటే, ఈ జ్ఞానం వెనక ఒక రాజకీయ ఉద్యమం ఉన్నంతకాలమే నిలుస్తుంది, ఉద్యమం చల్లారితే జ్ఞానమూ మాయమవుతుంది. 1970ల్లో జరిగింది చూస్తే అది నిజమే అన్పిస్తుంది. 1971 జనవరిలో న్యూయార్క్‌లో స్త్రీలు ఒకచోట చేరి, తమ మీద జరిగిన అత్యాచారాల గురించి మొదటిసారి సభలో మాట్లాడారు. 1972లో బోస్టన్ సిటీ ఆసుపత్రిలో నర్సు ఆన్ బర్జెస్, సామాజిక శాస్త్రవేత్త లిండా హోమ్‌స్ట్రామ్ ఒక పని మొదలుపెట్టారు. అత్యాచారానికి గురైన మనిషి అత్యవసర విభాగానికి వచ్చిందని కబురొస్తే ఏ అర్ధరాత్రయినా బయల్దేరి వెళ్ళడం, ఆ పక్కనే కూర్చోవడం, తర్వాత నెలల తరబడి ఫోన్ చేసి పలకరించడం. 1974లో 92 మంది వయోజన స్త్రీల అనుభవాలతో వాళ్ళు రాసిన వ్యాసంలో పీడకలలు, ఉలికిపాట్లు, ఉన్నట్టుండి ఇల్లు మారడాలు, ఫోన్ నంబరు మార్చుకోవడాలు వరసగా కనిపిస్తాయి. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల లక్షణాలకి ఇవి అచ్చు నకలు. యుద్ధభూమి ఇంటి గుమ్మం లోపల కూడా ఉంటుందని వైద్యానికి అప్పుడు అర్థమవడం మొదలైంది.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అనే జబ్బుని తన జాబితాలో చేర్చింది. అయితే మామూలు మానవానుభవానికి బయట ఉన్న సంఘటన జరిగితేనే అది ట్రామా అని షరతు పెట్టింది. రోజూ తన్నులు తినే ఆడమనిషికి తన్నులు మామూలు అనుభవమే కదా! ఆ షరతుని స్త్రీవాదులు ప్రశ్నించారు, తర్వాత అది పోయింది. ఏళ్ళ తరబడి తప్పించుకోలేని హింసలో బతికిన వాళ్ళ స్థితి వేరని హెర్మన్ 1992లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో దానికి విడిగా చోటివ్వడానికి 2022 దాకా పట్టింది. ముప్ఫై ఏళ్ళు!

ఈ చరిత్రంతా పడమటి దేశాలదేనా అంటే, కాదు. బోస్టన్‌లో వాళ్ళిద్దరూ ఆసుపత్రిలో చూసినదాన్నే మన హైదరాబాదు వీధుల్లో చూసింది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్తని కొట్టి చంపారు. నగరం అట్టుడికింది. విచారణకి జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పోలీసుల తరఫున సాగినదంతా ఆమె నడతని నిరూపించే ప్రయత్నమే, ఆమె ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది, ఎవరితో తిరిగింది అని. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా, కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయిన కేసులో 1981లో వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇవాళ మనకి తెలిసినదాని వెలుగులో ఆ విచారణ గురించి ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది. ప్రాణభయంలో ఉన్న మెదడు తేదీలూ టైములూ వరసగా దాచుకోదు. ఒక వాసన, ఒక బూటు చప్పుడు, గోడ మీద ఒక మరక విడివిడిగా మిగులుతాయి. ముక్కలుగా వచ్చే జ్ఞాపకం గాయానికి గుర్తు. కోర్టులో అదే అబద్ధానికి గుర్తయి కూర్చుంటుంది.

మన దగ్గర విన్నవాళ్ళూ ఉన్నారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వెతుక్కుంటూ వెళ్ళి, గంటల తరబడి విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. దాన్ని మనం చరిత్రగా చదివాం, స్త్రీవాద గ్రంథంగా చదివాం. గాయం గురించిన పుస్తకంగా కూడా చదవాలని నేనంటాను. దళంలో ఉండి పసిబిడ్డని వదులుకోవలసి వచ్చిన తల్లి ఉందందులో. పోరాటం ఆగిపోయాక ఇళ్ళకి వెళ్ళండి, పెళ్ళిళ్ళు చేసుకోండి అంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియక నిలబడిపోయిన వాళ్ళున్నారు. చెపుతూ చెపుతూ ఆగిపోవడాలు, మళ్ళీ మొదటికి రావడాలు ఉన్నాయి. వాటిని సరిదిద్దకుండా అట్లాగే ఉంచారు. ముప్ఫై ఐదేళ్ళ తర్వాత ఒకరొచ్చి 'మీకేం జరిగింది?' అని అడగడం, ఆ జవాబు అచ్చులో రావడం దానంతట అదే ఒక వైద్యం. హెర్మన్ చెప్పిన మూడు మెట్లు, అంటే ముందు భద్రత, తర్వాత గుర్తు చేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో పడడం, వీటిలో రెండోదీ మూడోదీ ఆ పుస్తకం చేసింది.

మొదటిదైన భద్రత దగ్గరకొచ్చేసరికి మనకి కుటుంబం అడ్డం వస్తుంది. అసలు ముడి ఇక్కడుంది.

కుటుంబాన్ని చికిత్సలోకి తీసుకురావడంలో మన దేశం ముందుంది, గర్వపడాల్సిందే. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలకి ఆవరణలో గుడారాలు వేయించాడు. గొలుసులూ గదులూ తప్ప వేరే తెలియని కాలంలో అది పెద్ద దయ. ఆ తర్వాత వెల్లూరులోనూ, బెంగుళూరు నిమ్హాన్స్‌లోనూ కుటుంబాన్ని పక్కన పెట్టుకుని వైద్యం చేశారు. కానీ గాయం చేసిందే కుటుంబమైతే? అప్పుడు గుడారంలో పక్కన పడుకునేది ఎవరు?

పడమర ఫ్యామిలీ థెరపీలోనూ ఇదే చిక్కు. కొడుక్కి పిచ్చెక్కితే తల్లి పెంపకమే కారణమని 1948 నుంచి దశాబ్దాల పాటు ఒక సిద్ధాంతం చలామణీ అయ్యింది. ఇంట్లో ఏం జరిగినా అది అందరూ కలిసి ఆడే ఆట, ఒకరి తప్పని లేదు అనే మరో సిద్ధాంతం వచ్చింది. వినడానికి ఎంతో ఉదారం. చెంపదెబ్బ కొట్టిన చెయ్యినీ, తిన్న చెంపనీ ఒకే తక్కెడలో తూచే ఉదారం. 1978లో రేచల్ హేర్-మస్టిన్ రాసిన వ్యాసంతో స్త్రీవాదులు దీన్ని నిలదీశారు. కుటుంబంలో అధికారం సమానంగా లేనప్పుడు ఎటూ మొగ్గననే థెరపిస్టు ఎటు మొగ్గినట్టు?

మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఈ ప్రశ్న ఇంకా అడగనే లేదేమోననిపిస్తుంది. ఒకసారి నా విద్యార్థిని తోడు రమ్మంటే అలాంటి ఒక కేంద్రానికి వెళ్ళాను. ఊరి పేరు ఇక్కడ అనవసరం. బల్లకి అటు భర్త, అతని తల్లి, మేనమామ. ఇటు ఈ పిల్లొక్కతే. నన్ను గుమ్మం దగ్గర కుర్చీలో కూచోమన్నారు. 'చదువుకున్నదానివి, ఆ మాత్రం సర్దుకుపోలేవామ్మా?' అన్నది మొదటి ప్రశ్న. ఆ పిల్ల చెప్పడం మొదలెట్టింది. దీపావళి తర్వాత అంది, కాదు ముందే అంది, మళ్ళీ ఆగింది. 'చూశారా, ఒక మాట మీద ఉండదు' అంది అత్తగారు. పిల్ల చూపు మాటిమాటికీ తలుపు వైపు పోతోంది. నలభై నిమిషాల్లో కాగితం తయారైంది. దాని పైన 'రాజీ' అని రాసుంది. సంతకం పెట్టి ఆ పిల్ల అదే ఆటోలో వాళ్ళతోనే వెళ్ళిపోయింది. కొట్టిన మనిషిని ఎదురుగా కూచోబెట్టి నిజం చెప్పమనడం చికిత్స కాదు, అది మరో గాయం. ఇది తెలియడానికి పెద్ద పెద్ద డిగ్రీలు అక్కర్లేదు.

చట్టం మాత్రం ఈ మాట చెప్పింది. 2005 గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో పద్నాలుగోది కౌన్సెలింగ్ గురించి. తాను చేసిన హింసకి సమర్థన చెప్పుకునే అవకాశం ప్రతివాదికి అందులో ఉండకూడదు. హింస మళ్ళీ జరగకుండా హామీ రాబట్టడం కౌన్సెలర్ పని. ఆచరణలో చూపించిన వాళ్ళూ ఉన్నారు. 2000లో ముంబై బాంద్రాలోని భాభా మున్సిపల్ ఆసుపత్రిలో సెహత్ సంస్థ, నగరపాలక సంస్థ కలిసి 'దిలాసా' తెరిచారు. మెట్ల మీంచి పడ్డానంటూ వచ్చిన ఆడవాళ్ళని నర్సులే గుర్తుపట్టి అక్కడికి పంపుతారు. అక్కడ భర్తని పిలిపించి రాజీ చెయ్యడంతో పని మొదలవదు. ఇది నీ తప్పు కాదన్న మాటతో, ఇవాళ రాత్రి ఇంటికెళ్తే ఏం చేస్తావన్న ఆలోచనతో మొదలవుతుంది. పక్కింటివాళ్ళకి చెప్పిపెట్టుకోవడం, కాగితాలు ఒకచోట దాచుకోవడం, ఎవరి ఇంటికి పరిగెత్తాలో ముందే అనుకోవడం కూడా చికిత్సే. హెర్మన్ చెప్పిన మొదటి మెట్టు ఇదే.

కుటుంబాన్ని పూర్తిగా వదిలెయ్యమని నేననడం లేదు. 1975లో సెల్మా ఫ్రైబర్గ్, ఆమె సహచరులు రాసిన ఒక తల్లీబిడ్డల కథ నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. అయిదున్నర నెలల పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కనే ఉన్న తల్లికి వినపడనట్టే ఉండేది. ఎవరు చూసినా 'రాతిగుండె' అనే మాట అనేసేవాళ్ళు. వీళ్ళు అనలేదు. ఆమె ఏడుపు చిన్నప్పుడు ఎవరు విన్నారని అడిగారు. ఎవరూ వినలేదు. వారం వారం ఇంటికెళ్ళి ఆమె ఏడుపు విన్నారు. ఆమె తనకోసం తను ఏడవగలిగాక పాపని దగ్గరకి తీసుకుంది. పాపకి చికిత్స చెయ్యాలంటే తల్లి గాయం వినాలి. తల్లి గాయం వినాలంటే ఆమెని దోషిగా నిలబెట్టడం మానాలి. ఒక తరం వినిపించుకోని ఏడుపు తర్వాతి తరం చెవుల్ని మూసేస్తుంది. కుటుంబ చికిత్స అనేది ఏదైనా ఉంటే ఇదీ అని నాకనిపిస్తుంది.

1998లో ఫెలిటీ, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు 9,508 మంది పెద్దవాళ్ళ జవాబులతో ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నతనంలో హింస, అత్యాచారం, ఇంట్లో తల్లిని కొట్టడం చూడడం లాంటివి ఎన్ని ఎక్కువ ఉంటే, నడివయసులో గుండెజబ్బులూ, దిగులూ, ఆత్మహత్యా ప్రయత్నాలూ అంత ఎక్కువ కనిపించాయి. అమ్మని కొడుతుంటే మంచం కింద దాక్కున్న పిల్లకి దెబ్బ తగల్లేదనడానికి ఇక వీల్లేదు. మన 2012 పోక్సో చట్టంలో బాధిత పిల్లల వాంగ్మూలం వాళ్ళ ఇంట్లోనో వాళ్ళు కోరుకున్న చోటో తీసుకోవాలని, పోలీసు అధికారి యూనిఫారంలో ఉండకూడదని, పిల్లల్ని పదేపదే కోర్టుకి పిలవకూడదని రాయడం వెనక ఈ ఎరుకే ఉంది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ అది వర్తిస్తుంది.

పిల్లల గురించి ఇంత ఆలోచించాక ముసలివాళ్ళని మరిచిపోతాం. మా అత్తగారి చెల్లెలు దివిసీమ మనిషి. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేల పైమాటే. ఏటా కార్తీకంలో గాలి కాస్త జోరందుకుంటే చాలు, ఆవిడ నిద్రపోయేది కాదు. మూటకట్టుకుని అరుగు మీద కూచునేది. ఇంట్లో అందరూ 'చాదస్తం' అనేవాళ్ళు. డెబ్బై దాటాక మతిమరుపొచ్చి మనవళ్ళ పేర్లు మరిచిపోయినా గాలి చప్పుడు మరిచిపోలేదు. ఆ రోజుల్లో సహాయమంటే బియ్యం, కిరసనాయిలు, దుప్పట్లు. 1984 భోపాల్ తర్వాత నిమ్హాన్స్ నిపుణులు అక్కడి డాక్టర్లకి శిక్షణ ఇవ్వడంతో, ఆ తర్వాత 1999 ఒరిస్సా తుపాను, 2004 సునామీల్లో ఊరి కార్యకర్తలకే నేర్పించడంతో మనసుకి కూడా సహాయం కావాలన్నది ప్రభుత్వాల చెవిన పడింది. మా పిన్నత్తగారికి అది అందలేదు. ఒక మనవరాలు మాత్రం అరుగు మీద ఆవిడ పక్కన దుప్పటి పరుచుకుని పడుకునేది. ఆ రాత్రుళ్ళు ఆవిడ కునుకు తీసేది.

2001లో మాక్సిన్ హారిస్, రోజర్ ఫాలట్ 'గాయం ఎరిగిన' అనే ఆలోచనకి రూపం ఇచ్చారు. ఆసుపత్రి, బడి, ఆశ్రయగృహం ఏదైనా సరే, వచ్చిన ప్రతి మనిషికీ గాయం ఉండొచ్చని అనుకుని మెలగాలి, మళ్ళీ గాయపరచకూడదు అన్నారు. 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి దీన్ని ఆరు సూత్రాలుగా రాసింది. భద్రత, నమ్మకం, సాటి బాధితుల తోడు, కలిసి పనిచెయ్యడం, మాటా ఎంపికా మనిషికే వదలడం, చివరిది సంస్కృతి, చరిత్ర, జెండర్ల ఎరుక. ఈ ఆరోదాన్ని మనం కులమని చదువుకోవాలి. మన దగ్గర 'వచ్చిన ప్రతి మనిషీ' ఒకే గుమ్మంలోంచి లోపలికి రాదు. భార్గవి దావర్ 1999లో రాసిన 'మెంటల్ హెల్త్ ఆఫ్ ఇండియన్ విమెన్' నుంచి 2024లో చనిపోయేదాకా ఈ మాటే మరో రకంగా చెపుతూ వచ్చారు. ఆడవాళ్ళ బాధని రోగంగా మార్చేసి, దాని వెనక ఉన్న బతుకుని చూడని వైద్యం కూడా హింసే అని.

ఇప్పుడీ మాటలు వారాంతపు శిక్షణా శిబిరాల్లో, ఖరీదైన క్లినిక్కుల గోడల మీద కనిపిస్తున్నాయి. మంచిదే, కొంతమందికైనా ఆసరా దొరుకుతుంది. నా భయం వేరు. ఉద్యమం తీసేసి జ్ఞానాన్ని మాత్రం ఉంచుకుంటే ఏమవుతుందో 1897 తర్వాతా, 1918 తర్వాతా చూశాం. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని బయటికొచ్చి చెప్పారు. పరువు పోతుందని దాచుకోలేదు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఎత్తిచూపుతూ, ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. వీళ్ళకి ఏ చికిత్స ఇస్తాం? ఊపిరి పీల్చి వదలడం నేర్పిస్తామా?

2023లోనే హెర్మన్ మరో పుస్తకం తెచ్చింది, 'ట్రూత్ అండ్ రిపేర్'. గాయపడిన వాళ్ళలో చాలామంది శిక్ష కంటే ముందు కోరుకునేది, జరిగింది నిజమని, అది తప్పని తమ చుట్టూ ఉన్న సమాజం ఒప్పుకోవడం అని అందులో అంటుంది. కోలుకోవడానికి మూడు మెట్లు చెప్పిన మనిషి ఇప్పుడు న్యాయాన్ని నాలుగో మెట్టుగా చేర్చింది. ఆ మెట్టు ఏ క్లినిక్కులోనూ కట్టలేరు. వాకపల్లి స్త్రీలు చెప్పాల్సింది చెప్పేశారు. నిజమని ఒప్పుకోవాల్సిన వంతు మనది. మన రాతల్లో, మన తరగతి గదుల్లో, మన కోర్టుల ఎదుట.